వచ్చావా అని పలకరించే ఊరు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, గ్రంథాలయ కమిటీ పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

నన్ను రష్యన్ సాహిత్యం గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళు రష్యన్ పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి అలా అడగడం సహజమే. కానీ ఈసారి వేరే విషయం మాట్లాడతానని నేనే బతిమాలుకున్నాను. మన తరంలో చాలామందికి రష్యా అంటే ఈ బీరువాల్లో ఉన్న సోవియట్ పుస్తకాలే. మంచి కాగితం, చవక ధర, చక్కటి తెలుగు. వాటిలో మాస్కో ఉంటుంది, వోల్గా నది ఉంటుంది, గోధుమ చేలు ఉంటాయి. ఆ దేశానికే తూర్పు కొసన, మాస్కోలో పొద్దున తొమ్మిదయ్యేసరికి సాయంత్రం ఆరయ్యే చోట కొన్ని ఊళ్ళున్నాయి. అక్కడి చుక్చీలనే జనం గురించి ఈ పూట చెబుతాను.

ముందు వాళ్ళ పలకరింపు చెప్పాలి. చుక్చీ భాషలో ఇంటికొచ్చిన మనిషిని చూసి ‘యెత్తి’ అంటారు. ‘వచ్చావా’ అని అర్థం. వచ్చినవాళ్ళు ‘ఈ’ అంటారు, అంటే ‘ఆఁ’. అంతే, పలకరింపు అయిపోయింది. మొదటిసారి ఈ సంగతి తెలిసినప్పుడు నేను పెద్దగా నవ్వేశాను. మా అమ్మమ్మ గుమ్మంలో నిలబడి అనే మాట అదే కదా! కళ్ళెదురుగా మనిషి కనిపిస్తుంటే ‘వచ్చావా’ అని అడగడం ఏమిటని పట్నం పిల్లలు అడుగుతారు. మంచు తుఫానులో కుక్కల బండి మీద రెండు రోజులు ప్రయాణం చేసి ఒక మనిషి తలుపు తడితే అడగాల్సిన ప్రశ్న అదే. వచ్చావా, ప్రాణంతో వచ్చావా అని.

ఈ మాట నాకు నేర్పింది నా రూమ్మేట్. 1980ల మొదట్లో రష్యన్ టీచర్ల ట్రైనింగ్ కోసం పది నెలలు లెనిన్‌గ్రాడ్‌లో ఉన్నాను. ఉత్తరాది జాతుల పిల్లలకు టీచర్లుగా శిక్షణ ఇచ్చే విభాగం హెర్జెన్ విద్యాసంస్థలో ఉండేది. ఆమె అక్కడ చదువుకునేది. చుకోత్కా తీరంలో ఒక చిన్న ఊరి పిల్ల. వాళ్ళ నాన్న సముద్ర వేటగాడు. ఆమె పేరూ ఊరి పేరూ చెప్పను, ఆమెకు ఇష్టం ఉండదు. నేను చెప్పబోయేదాంట్లో సగం ఆమె నోటి నుంచి విన్నది, మిగతా సగం ఆమె వల్ల నలభై ఏళ్ళుగా వెతుక్కుని చదివింది.

మ్యాప్ ఒకసారి ఊహించుకోండి. ఆసియా ఖండం ఈశాన్య మూలన ముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది, అదే చుకోత్కా. దానికి అవతల బేరింగ్ జలసంధి, ఆ తర్వాత అమెరికా వాళ్ళ అలాస్కా. మధ్య దూరం ఇరుకైన చోట 86 కిలోమీటర్లు. చుకోత్కా విస్తీర్ణం 7 లక్షల 20 వేల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా దానికి రెండున్నర రెట్లకు పైనే. అంత నేల మీద 2021 జనాభా లెక్కల్లో ఉన్నది 47 వేల పైచిలుకు మనుషులు. అందులో చుక్చీలు సుమారు పదమూడు వేలు. వాళ్ళలో మళ్ళీ రెండు రకాల వాళ్ళు. లోపలి టండ్రా అనే చెట్లు మొలవని మంచు నేలల్లో రెయిన్‌డీర్ మందలను మేపుకుంటూ తిరిగేవాళ్ళు చావ్చు. అంటే రెయిన్‌డీర్ సంపద ఉన్నవాళ్ళని. చుక్చీ అనే పేరు ఆ మాట నుంచే పుట్టింది. తీరంలో పొడుగు దంతాల సముద్ర జంతువు వాల్రస్‌నీ, సీల్‌నీ, తిమింగలాన్నీ వేటాడేవాళ్ళు అంకాలిన్, అంటే సముద్రం వాళ్ళు. టండ్రా వాళ్ళకు కొవ్వు, తోలు తాళ్ళు కావాలి. తీరం వాళ్ళకు బట్టలు కుట్టుకోవడానికి రెయిన్‌డీర్ తోళ్ళు కావాలి. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంటుంది. అలా వియ్యమంది, కయ్యమాడి, సరుకు మార్చుకుని శతాబ్దాలు బతికారు.

తీరంలో ఉయెలెన్ అని ఒక ఊరుంది. ఖండానికే తూర్పు కొసన ఉన్న ఊరు. ఆరేడు వందల మంది ఉంటారు. ఒక పక్క చుక్చీ సముద్రం, ఇంకో పక్క లగూన్ అనే ఉప్పునీటి మడుగు, మధ్యలో గులకరాళ్ళ కట్ట. ఆ కట్ట మీద ఊరు. ఆర్కిటిక్ వలయానికి కాస్త కిందే ఉంది కాబట్టి సూర్యుడు పూర్తిగా మాయమైపోడు. డిసెంబర్‌లో ఓ రెండు గంటలు అటూ ఇటూగా కనిపించి వెళ్ళిపోతాడు. జూన్‌లో అసలు అస్తమించినట్టే ఉండదు. చెట్టన్నది కనిపించదు. భూమి కింద ఎప్పటికీ కరగని మంచు, దాని మీద బూడిదరంగు నాచు, మోకాలంత పొదలు.

ఊళ్ళోకి రోడ్డు లేదు. హెలికాప్టర్ రావాలి. వాళ్ళు పుర్గా అనే మంచు తుఫాను లేస్తే అది రాదు. వారం కావచ్చు, మూడు వారాలు కావచ్చు. పట్నంలో ఆస్పత్రికి వెళ్ళాల్సినవాళ్ళు, సెలవులకు ఇంటికి రావాల్సిన పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ సామాను సర్దుకుని ఆకాశం చూస్తూ కూర్చోవడమే. బొగ్గు, డీజిల్, పిండి, పంచదార ఏడాదికి సరిపడా వేసవిలో ఓడ మీద వస్తాయి. ఆ నాలుగు నెలల్లో రాకపోతే ఇక మళ్ళీ వేసవే. కూరగాయలూ పళ్ళూ విమానం, హెలికాప్టర్ ఎక్కి వస్తాయి కాబట్టి కొట్లో ఒక టమాటా ధర చూస్తే కొనబుద్ధి కాదు. చాలా ఇళ్ళకు కుళాయి లేదు. చలికాలంలో గడ్డకట్టిన మంచినీటి చెరువు నుంచో ఏటి నుంచో దిమ్మలు కోసి తెచ్చి, వసారాలో పేర్చుకుని, కరిగించుకుని తాగుతారు. మన ఊళ్ళో వేసవిలో ట్యాంకర్ కోసం చూసినట్టు అక్కడ ఐసు దిమ్మల బండి కోసం చూస్తారు.

ఇంత చెబితే మీకు జాలి కలుగుతుంది. కలగకూడదు. నా రూమ్మేట్‌కి ఆ జాలి చూస్తేనే కోపం. ‘మీ ఊళ్ళో ఎండాకాలం జనం చచ్చిపోతారట, అయినా ఎలా ఉంటున్నారు’ అని నన్ను అడిగేది. నా దగ్గర జవాబు ఉండేది కాదు.

వాళ్ళు అక్కడ ఎలా ఉంటున్నారో తెలియాలంటే తిమింగలం ఒడ్డుకొచ్చిన రోజు చూడాలి. ఆమె చెప్పగా విన్నది, తర్వాత వీడియోల్లో ఎన్నోసార్లు చూసింది ఒకచోట చేర్చి చెబుతాను.

వేసవి చివర. పొద్దున్నే నాలుగైదు పడవలు బయల్దేరతాయి. పూర్వం వాల్రస్ తోలును మందంలో రెండు పొరలుగా చీల్చి, చట్రం మీద బిగించి కట్టిన బైదారాలు. ఇప్పుడు ఎక్కువగా మోటారు బిగించిన చెక్క పడవలు, అల్యూమినియం పడవలు. బూడిదరంగు తిమింగలం ఊపిరి వదిలినప్పుడు లేచే తుంపర దూరం నుంచే కనిపిస్తుంది. పడవ దాని వీపు దగ్గరకు పోవాలి. అంటే మన ఆర్టీసీ బస్సంత ప్రాణి పక్కకు ఆటో అంత పడవ వెళ్ళాలి. ముందు నిలబడినవాడు ఈటె విసురుతాడు. ఈటెకు తాడు, తాడు చివర గాలి ఊదిన బుడగ. పూర్వం ఆ బుడగ ఒక సీల్ తోలు మొత్తం, ఇప్పుడు నారింజరంగు ప్లాస్టిక్. ఒకటి, రెండు, మూడు, అలా బుడగలు తగిలించుకుంటూ పోతే అది లోతుకు మునగలేక అలిసిపోతుంది. అప్పుడు తుపాకీ. మనిషికి ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళలో పడితే నిమిషాల్లో ప్రాణం పోతుంది. తీరం చుక్చీల్లో చాలామందికి ఈత రాదు. ఆ చలి నీళ్ళలో ఎవరు నేర్పుతారు, ఎక్కడ నేర్చుకుంటారు?

తోకకు తాడు కట్టి గంటల తరబడి లాక్కొస్తారు. ఈలోగా ఊరంతా ఒడ్డున ఉంటుంది. ట్రాక్టర్ వచ్చి గులకరాళ్ళ మీదకు లాగుతుంది. కోయడానికి ముందు ఒక పని ఉంది. పెద్దవాళ్ళెవరో ఒకరు కాసిని మంచినీళ్ళు తెచ్చి దాని నోటి దగ్గర పోస్తారు. సీల్‌ని వేటాడి ఇంటికి తెచ్చినా అంతే. పాపం ఉప్పునీళ్ళలో బతికింది, దాహంతో ఉంటుంది, మన ఇంటికొచ్చింది, ముందు మంచినీళ్ళివ్వాలి అని. ఆమె ఈ మాట చెప్పిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఇంటికొచ్చినవాళ్ళకు ముందు మంచినీళ్ళివ్వడం మనకూ తెలుసు. చంపిన ప్రాణికి కూడా ఆ మర్యాద చేయాలన్న ఊహ నాకు ఎన్నడూ రాలేదు.

తర్వాత కోత. మగవాళ్ళు పొడుగు కర్రలకు కట్టిన కత్తులతో పైన నిలబడి పలకలు పలకలుగా కోస్తారు. ఆడవాళ్ళ చేతిలో పెకుల్ ఉంటుంది. అర్ధచంద్రాకారపు కత్తి, వంపు ఉన్న వైపు పదును. మన కత్తిపీట బ్లేడు పీట వదిలి చేతిలోకొచ్చినట్టుంటుంది. పిల్లలు కూడా బకెట్లు, సంచులు పట్టుకుని తిరుగుతుంటారు. నల్లటి చర్మం, దాని కింద గులాబీ రంగు కొవ్వు కలిపి కోసిన ముక్కను మంతాక్ అంటారు. పచ్చిదే నోట్లో వేసుకుని నములుతారు. ఆమెకు ఇంటి నుంచి పార్సెల్ వచ్చినప్పుడు నేను తిన్నాను. చర్మం సాగుతుంది. కొవ్వు మాత్రం లేత కొబ్బరిలా ఉంది, నిజంగా. కూరగాయలు పండని చోట ఆ జనానికి చిగుళ్ళు చెడే స్కర్వీ జబ్బు రాకుండా కాపాడిన సి విటమిన్ ఆ చర్మంలోనే ఉంది.

సాయంత్రానికి ఎముకలు మిగులుతాయి. ఎవరికి ఎంత అన్న తూకం లేదు. వేటకు పోలేని ముసలివాళ్ళ ఇంటికి, మగదిక్కు లేని ఇంటికి పిల్లల చేత పంపిస్తారు. అమ్మకం లేదు. అంతర్జాతీయ తిమింగల వేట కమిషన్ ఈ జనం తిండి కోసం కోటా ఇస్తుంది, చుకోత్కాకంతటికీ ఏడాదికి 120, 140 మధ్య. కొన్నేళ్ళుగా ఒక కొత్త బాధ వచ్చింది. కోసిన కొన్ని తిమింగలాల మాంసం మందుల వాసన కొడుతుంది. కుక్కలు కూడా ముట్టవు. అంత కష్టపడి ఒడ్డుకు తెచ్చినది వదిలేయాల్సి వస్తుంది.

వాల్రస్ మాంసాన్ని తోలుతో సహా చుట్టి, కుట్టి, మంచు నేలలో తవ్విన గోతుల్లో పులియబెడతారు. అదే కోపాల్హెన్. చిన్నప్పటి నుంచి అలవాటు లేనివాళ్ళు తింటే ప్రాణం మీదకు రావచ్చు. వాళ్ళకు మాత్రం చలికాలపు బలం అది. ఇప్పుడు ఆ గోతుల్లో మంచు కరుగుతోంది. ఫ్రిజ్ చెడిపోతే మనకెంత గోలో తెలుసు కదా, అక్కడ భూమి అనే ఫ్రిజ్జే చెడిపోతోంది.

వాళ్ళ ఇల్లు గురించి కూడా చెప్పాలి. యరంగ అని, కర్రల చట్రం మీద తోళ్ళు కప్పిన గుండ్రటి గుడారం. ఇప్పుడు తీర గ్రామాల్లో దాదాపు ఎవరూ ఉండరు, చిన్న చిన్న చెక్క ఇళ్ళూ, కొత్త రేకు ఇళ్ళూ వచ్చాయి. టండ్రాలో మందల వెంట తిరిగేవాళ్ళకు ఇంకా అదే ఇల్లు. అందులో గొప్పతనం లోపలి గదిది. పెద్ద గుడారంలో బొచ్చు లోపలికి ఉండేలా రెయిన్‌డీర్ తోళ్ళతో కుట్టిన పెట్టెలాంటి చిన్న గది వేలాడుతుంది. బయట మైనస్ నలభై. లోపల సీల్ నూనెతో వెలిగే రాతి దీపం, నాచుతో చేసిన ఒత్తి, నలుగురు మనుషుల ఊపిరి. ఆ వేడికి ఒంటిమీద బట్టలు తీసేసి కూర్చునేవాళ్ళు. ఒత్తి పొగ రాకుండా, మంట తగ్గకుండా చిన్న పుల్లతో సర్దుతూ ఉండటం ఇంటి ఇల్లాలి పని. రాత్రి మనుషుల ఊపిరి తడి తోళ్ళలో చేరి గడ్డకడుతుంది. పొద్దున్నే గది మొత్తం విప్పి బయట పరిచి, కొమ్ముతో చేసిన బడితెతో కొట్టి కొట్టి ఆ మంచు దులపాలి. ప్రతి రోజూ. ఒక్కరోజు దులపకపోతే తోలు తడిసి కుళ్ళుతుంది, వెచ్చదనం పోతుంది. చుక్చీ వేటగాళ్ళ సాహసాల గురించి చాలామంది రాశారు. ఆ బడితె పట్టుకున్న చేతుల గురించి రాసింది తక్కువ.

ఆడవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి భాష గురించి ఒక మాట. చుక్చీలో ఆడవాళ్ళ ఉచ్చారణ వేరు, మగవాళ్ళది వేరు. మగవాళ్ళు ర, చ పలికే చోట్ల ఆడవాళ్ళు త్స పలుకుతారు. వాల్రస్‌ని మగవాడు రిర్కి అంటే, ఆడది త్సిత్స్కి అంటుంది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఒకే జంతువుకు రెండు పలుకులు. లెక్క ఇరవైల మీద నడుస్తుంది. ఐదు, పది అనే మాటల్లో చెయ్యి ఉంది. ఇరవై అనే మాటలో మనిషి ఉన్నాడు. చేతివేళ్ళూ కాలివేళ్ళూ కలిపితే ఒక నిండు మనిషి కదా.

ఈ భాషకు మొదటి వాచకం 1932లో వచ్చింది. తయారుచేసింది వ్లాదిమిర్ బొగొరాజ్. జారు ప్రభుత్వం రాజకీయ ఖైదీగా సైబీరియాలోని కొలీమా ప్రాంతానికి పంపితే, శిక్ష అనుభవించడానికి వెళ్ళి వాళ్ళ భాష నేర్చుకున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1931లో, మన గిడుగు రామమూర్తిగారు సవర భాష వ్యాకరణం వెలువరించారు. ఆ ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలిసి ఉండదు. ఇద్దరూ చేసిన పని మాత్రం ఒకటే. ఎవరూ లెక్కచేయని జనం దగ్గర కూర్చుని, మీ మాట ఎలా పలుకుతారో చెప్పండి అని అడగడం.

పేరు గురించి కూడా. చుక్చీలకు ఒక్కటే పేరు. ఇంటిపేరు, తండ్రి పేరు కలిపి మూడు పేర్లుండాలని రష్యన్ పాస్‌పోర్ట్ అడుగుతుంది. ఉయెలెన్‌లో 1930లో పుట్టిన రచయిత రిత్ఖేవుకు అలాగే ఇబ్బంది వచ్చి, తెలిసిన ఒక రష్యన్ భూగర్భ శాస్త్రవేత్త పేరూ, ఆయన తండ్రి పేరూ అరువు తెచ్చుకుని యూరి సెర్గేయెవిచ్ అయ్యాడు. అమెరికా వెళ్ళిన మన పిల్లలు ఇంటిపేరు ముందా వెనకా అని ఫారాలతో ఎన్ని తంటాలు పడతారో మీ ఇళ్ళల్లోనే చూసి ఉంటారు.

ఇంకొకటి, ఇది చెప్పకుండా ఉండలేను. శీతాకాలపు నడిమధ్య, అతి పొట్టి పగటి రోజున వాళ్ళు పెగిత్తి అనే పండగ చేసుకుంటారు. ఒక నక్షత్రం పేరది. తెల్లవారుజామున అది పైకి వస్తే సూర్యుణ్ణి వెంటబెట్టుకొస్తుందని, కొత్త ఏడు మొదలైందని నమ్మకం. ఆ నక్షత్రం ఏదో తెలుసా? మన శ్రవణం. మనం పంచాంగంలో చూసి వదిలేసే చుక్క కోసం అక్కడ ఒక ఊరు చీకట్లో బయట నిలబడి ఎదురుచూస్తుంది.

ఇప్పుడు కష్టమైన సంగతికి వస్తాను. 18వ శతాబ్దంలో జారు సైన్యాలు ఎన్నోసార్లు వాళ్ళ మీదకు వెళ్ళాయి. 1747లో మేజర్ పావ్లుత్స్కీ వాళ్ళ చేతిలోనే చనిపోయాడు. చివరికి అనాదిర్ కోటను వదులుకుని సైన్యం వెనక్కి పోయింది. ఆ తర్వాత వ్యాపారమే తప్ప యుద్ధం లేదు. అలాంటి జాతి మీద రష్యాలో జోకులు వేస్తారు. ఏమీ తెలియని అమాయకుడు ఎవడంటే చుక్చీ. మా హాస్టల్లో ఒక రాత్రి ఎవరో అలాంటిది చెబితే అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. గదికొచ్చాక చాలాసేపు కోటు విప్పకుండా మంచం మీద కూర్చుంది.

1934 ఫిబ్రవరిలో చెల్యూస్కిన్ అనే ఓడ చుక్చీ సముద్రంలో మంచు మధ్య నలిగి మునిగింది. 104 మంది మంచు గడ్డ మీద రెండు నెలలు ఉన్నారు. పైలట్లు విమానాల్లో వాళ్ళను తెచ్చారు. సోవియట్ యూనియన్ వీరుడు అనే బిరుదు ఆ ఏడుగురు పైలట్ల కోసమే పుట్టింది. అది న్యాయమే. మరి ఒడ్డుకు చేరినవాళ్ళను వాంకరెమ్ అనే తీర గ్రామం నుంచి ఉయెలెన్ దాకా వందల కిలోమీటర్లు కుక్కల బండ్ల మీద చేర్చింది చుక్చీలు. వాళ్ళ సీల్ మాంసం తిన్న కుక్కలు, వాళ్ళ బండ్లు. ఆ బండి తోలినవాళ్ళ పేర్లు చెప్పమంటే ఇప్పుడు ఎంతమంది చెప్పగలరు? ఆ కుక్కల సంతతే సైబీరియన్ హస్కీ. హైదరాబాద్‌లో ఫ్లాట్లలో ఏసీ కింద పడుకోబెడుతున్నారు చూడండి, ఆ కుక్కే. దాన్ని పెంచాలనుకునేవాళ్ళకు ఒక్కటే నా మనవి: మన ఎండకు దాన్ని తేవద్దు.

తర్వాత, 1948లో అలాస్కా వైపు సరిహద్దు మూసేశారు. అప్పటిదాకా పడవల్లో అటూ ఇటూ చుట్టాల ఇళ్ళకు తిరిగిన తీరం జనం విడిపోయారు. 1958లో ఉయెలెన్‌కి దగ్గరలో ఉన్న నౌకాన్ అనే ఎస్కిమో ఊరిని ఖాళీ చేయించారు. సముద్రపు కొండవాలు మీద, వాల్రస్‌లు వెళ్ళే దారి ఎదురుగా, తరతరాలుగా ఉన్న ఊరు. వేటకు అంతకన్నా మంచి చోటు లేదు. సరుకు దించడానికి కష్టంగా ఉందని, కొండచరియ ప్రమాదమని కాగితాల మీద రాశారు. తీసుకెళ్ళి వేరే ఊళ్ళలో పెట్టారు. అక్కడ వేటగాళ్ళకు కొత్త నీళ్ళు, తెలియని ప్రవాహాలు. ఆ కాలంలోనే ఇంకా కొన్ని ఊళ్ళు అలా మూతపడ్డాయి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది బడి. టీచర్ని కాబట్టి ఇంకా ఎక్కువ. చదువు చెప్పాలి, ఆస్పత్రి పెట్టాలి అని వచ్చిన మొదటి తరం టీచర్లలో చాలామంది మంచివాళ్ళే. వాళ్ళు మంచులో, గుడారాల్లో ఉండి అక్షరాలు నేర్పారు. తర్వాత వచ్చిన పద్ధతి వేరు. ఇంతెర్నాత్, అంటే బోర్డింగ్ బడి. మందల వెంట తిరిగేవాళ్ళ పిల్లలకు వేరే దారి లేదు, సరే. తల్లిదండ్రులు అదే ఊళ్ళో ఉన్న పిల్లల్ని కూడా తీసుకెళ్ళి హాస్టల్లో ఉంచారు. కొన్నిచోట్ల ఏడాది నిండిన పిల్లల నుంచే రాత్రింబవళ్ళు ఉంచుకునే శిశుశాలలు. ఇంట్లో శుభ్రత ఉండదని, పచ్చి మాంసం పెడతారని, రష్యన్ రాదని.

నా రూమ్మేట్ అలా పెరిగింది. హాస్టల్ కిటికీలోంచి వాళ్ళ ఇల్లు కనిపించేదట, మన ఊళ్ళో నాలుగు వీధుల దూరం. రాత్రి అందరూ పడుకున్నాక మంచం మీద మోకాళ్ళ మీద లేచి చూసేదట. వాళ్ళ ఇంటి కిటికీలో దీపం ఉందా, ఆరిందా. ఆరితే అమ్మ పడుకుందని తనూ పడుకునేది. ఆదివారం ఇంటికి వెళ్ళనిచ్చేవాళ్ళు. చుక్చీలో మాట్లాడితే టీచర్లు కసురుకునేవాళ్ళు. అమ్మకు రష్యన్ సరిగా రాదు. ఆదివారం మధ్యాహ్నానికి ఇద్దరి మధ్యా మాటలు అయిపోయేవి.

ఆమె ఒకసారి నాతో అన్న మాట ఇది. ‘మా అమ్మ కుట్టిన బూట్లు నా దగ్గర ఉన్నాయి. ఎలా కుట్టిందో నేను చూడలేదు.’

అది చిన్న విషయం కాదు. రెయిన్‌డీర్ వీపు నరాన్ని ఎండబెట్టి, చీల్చి, పేని దారం చేస్తారు. తడి తగిలితే ఆ దారం ఉబ్బి సూది రంధ్రాన్ని మూసేస్తుంది. అందుకే ఆ బూట్లలోకి నీళ్ళు రావు. కుట్టు ఎంత దగ్గరగా పడాలి, తోలును ఎంతసేపు నలపాలి, ఏ జంతువు ఏ కాలపు తోలు దేనికి పనికొస్తుంది, ఇవన్నీ పుస్తకంలో ఉండవు. చలికాలపు సాయంత్రాలు అమ్మ పక్కన కూర్చుంటే వస్తాయి. ఆ సాయంత్రాలే ఆమెకు లేవు. చలి వల్ల చుక్చీలకు జరిగిన నష్టం కన్నా, ఎక్కడో వేల మైళ్ళ దూరంలో కూర్చుని వాళ్ళ మేలు కోసమని తీసుకున్న నిర్ణయాల వల్ల జరిగిన నష్టం పెద్దది. నేను చెప్పడానికి వచ్చింది ఇదే. 2010 లెక్కల్లో రష్యా మొత్తం మీద ఉన్న పదహారు వేల చుక్చీల్లో తమ భాష వచ్చని చెప్పినవాళ్ళు సుమారు ఐదు వేలు. అది ఆ సాయంత్రాల లెక్క.

తిమింగల వేటకూ ఇంచుమించు అదే గతి పట్టింది. 1969 నుంచి 1992 దాకా ఒక ప్రభుత్వ వేట నౌకే తిమింగలాల్ని చంపి ఊళ్ళకు తెచ్చిపెట్టేది. మాంసంలో చాలా భాగం నక్కల ఫారాలకు పోయేది. బొచ్చు కోసం పెంచే నక్కలకు. ఇరవై ఏళ్ళకు పైగా పడవలో తిమింగలం దగ్గరకు వెళ్ళే పని లేకపోతే కొడుకు తండ్రి దగ్గర ఏం నేర్చుకుంటాడు?

ఆ తర్వాత సోవియట్ యూనియన్ పోయింది. చుకోత్కాలో 1989లో లక్షా 64 వేల మంది ఉండేవాళ్ళు, 2002కి 54 వేలు కూడా లేరు. బయట నుంచి వచ్చిన ఇంజనీర్లు, డాక్టర్లు, ఉద్యోగులు కంటైనర్లలో సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. జీతాలు నెలల తరబడి రాలేదు. ఓడలు తగ్గాయి, హెలికాప్టర్లు తగ్గాయి, కొట్లో అరలు ఖాళీ. దాదాపు ఐదు లక్షలున్న రెయిన్‌డీర్లు పదేళ్ళలో లక్షలోపుకు పడిపోయాయి. మద్యం చాలా ఇళ్ళను మింగింది. దాని గురించి ఆమె ఉత్తరాల్లో ఒక్క వాక్యమే రాసేది, నేనూ అంతకన్నా చెప్పను.

అప్పుడు ఊరిని నిలబెట్టింది సముద్రమే. ముసలివాళ్ళను అడిగి ఈటెలు మళ్ళీ తయారుచేశారు. అంతకు ముందే, 1988లో, సరిహద్దు కాస్త తెరుచుకుంది. ఆ ఏడాది జూన్‌లో అలాస్కాలోని నోమ్ నుంచి చుకోత్కాలోని ప్రొవిదేనియాకు ఒక విమానం వచ్చింది, నలభై ఏళ్ళ తర్వాత చుట్టాలు చుట్టాల్ని చూసుకున్నారు. తర్వాతి ఏళ్ళలో అలాస్కా తిమింగల వేటగాళ్ళు సామాను ఇచ్చారు, పని నేర్పారు. ప్రమాదాలు జరిగాయి, ప్రాణాలు పోయాయి, అయినా నేర్చుకున్నారు. ఉయెలెన్‌లో వాల్రస్ దంతాల మీద బొమ్మలు చెక్కే కార్ఖానా ఒకటుంది, 1931 నుంచి. వేరా ఎమ్కూల్ అనే ఆవిడ అక్కడ దంతం పొడుగునా రంగుల్లో కథలు చెక్కి పేరు తెచ్చుకుంది. ఆ కరువు రోజుల్లోనూ ఆ కార్ఖానా మూతపడలేదు. తిండికి సముద్రం ఉంది, చేతికి దంతం ఉంది.

ఇప్పటి సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. సముద్రం మీద మంచు ఆలస్యంగా గడ్డకడుతోంది. మంచు గడ్డల మీద విశ్రాంతి తీసుకునే వాల్రస్‌లు వేల సంఖ్యలో ఒడ్డుకు వస్తున్నాయి. ఒక కుక్క మొరిగినా, విమానం కిందుగా పోయినా బెదిరి తొక్కిసలాట, కింద పడి పిల్ల వాల్రస్‌లు చనిపోతాయి. ఆ కళేబరాల వాసనకు తెల్ల ఎలుగుబంట్లు వస్తాయి. చుక్చీలో తెల్ల ఎలుగుని ఉమ్కి అంటారు. 2019 డిసెంబర్‌లో రిర్కైపి అనే ఊరి పొలిమేరల్లో యాభైకి పైగా ఎలుగులు చేరాయి. ఊళ్ళో సభలు, వేడుకలు ఆపేశారు.

వాంకరెమ్‌లో వేటగాళ్ళు 2006లోనే కాపలా దళం పెట్టుకున్నారు. ఉమ్కి దళం. వాళ్ళు ఎలుగుల్ని చంపరు. చలికాలానికి ముందే వాల్రస్ కళేబరాలను ట్రాక్టర్ మీద ఊరికి దూరంగా తీసుకెళ్ళి పడేస్తారు. ఎలుగులు అక్కడే తిని, మంచు గడ్డకట్టాక సముద్రం మీదకు వెళ్ళిపోతాయి. దగ్గరికొస్తే వెలుగు తూటాలు పేల్చి తరుముతారు. తిండి దొరికితే ఎవరి దారిన వాళ్ళు పోతారన్నది వాళ్ళ లెక్క. ఈ పద్ధతి ఎవరో వచ్చి నేర్పింది కాదు, ఎలుగు నడక తెలిసినవాళ్ళు ఆలోచించుకున్నది.

ఇక్కడ ఇప్పుడు సాయంత్రం ఆరున్నర. అక్కడ తారీఖు మారి రాత్రి ఒంటి గంట అయింది. నవంబర్, ఎలుగులు తిరిగే నెల. ఇంకో ఆరు గంటల్లో, ఇంకా చీకటి ఉండగానే, ఇద్దరు మనుషులు స్నోమొబైల్ మీద ఊరి చుట్టూ తిరిగి మంచులో అడుగులు చూసి వస్తారు. దారి బాగుందని వాళ్ళు చెప్పాక పిల్లలు బడికి బయల్దేరతారు. సాయంత్రం ఇళ్ళకు వచ్చేస్తారు.

నమస్కారం. ప్రశ్నలు అడిగేవాళ్ళు అడగండి, నాకు తొందరేమీ లేదు.